ఏడు తెరలు, ఒక అద్దం

"సెర్జాన్, ఆ చేత్తో కార్డు ముట్టుకోకు," అంది కులాష్.

మేజర్ సెర్జాన్ తొఖ్తారొవ్ తల ఎత్తలేదు. ఎడమచేతిలో మాంసం కూరి కాల్చిన సంసా, సగం కొరికింది, ఉంది. అందులోంచి గొర్రెకొవ్వు కారి మణికట్టు దాకా దిగింది. కుడిచేతి బొటనవేలు మాత్రం బల్ల మీదున్న నూటపదేళ్ళ నాటి పోస్టుకార్డును ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా నొక్కిపట్టి ఉంది.

"ఇది సాక్ష్యం, అపాయ్. మీ ఇంట్లో పింగాణీ సామాను కాదు."

"సాక్ష్యమని తెలిసే దాని మీద తింటున్నావా?"

"పొద్దున్నుంచీ కడుపులో ఏమీ పడలేదు."

"శవం లేచి రెండు గంటలు కాలేదు. ఇది ఆయన బల్ల, ఆ పళ్ళెం ఆయనది. వంటింట్లోకి పోయి తినరాదూ?"

"వంటింట్లో ముద్దాయి ఉంది," అని సెర్జాన్ మరో ముక్క కొరికాడు.

కార్డు అంచున కొవ్వు మరక నెలవంకలా మెల్లగా లోపలికి పాకుతోంది. ముప్పై ఒక్క ఏళ్ళు నేరపరిశోధనలో పనిచేసి రిటైరైన మనిషి కులాష్. చూడని శవం లేదు, వినని అబద్ధం లేదు. అయినా చచ్చినవాళ్ళ ఇళ్ళల్లో బతికున్నవాళ్ళు మసిలే తీరు ఈ నాటికీ అలవాటు కాలేదు. ఈ సెర్జాన్‌కు పంచనామా రాయడం నేర్పింది తనే; అపాయ్, అంటే పెద్దక్కా, అని పిలవడం అప్పటి అలవాటే. ఇప్పుడు అతను మేజరు, తను ముద్దాయి తరఫు వకీలు దగ్గర రోజుకూలికి పరిశోధన చేసే ముసలిది.

"ఐదింటికి బండి వస్తుంది. అంతదాకా మీ ఇష్టం," అన్నాడు సెర్జాన్.

గోడ గడియారంలో నాలుగూ పది. ఐదింటికి బండెక్కాల్సింది రిజ్వాన్‌గుల్. ఈ ఇంటి ముసలాయనకు మూడేళ్ళుగా వండిపెట్టి, మందులిచ్చి చూసుకున్న ఉయ్గూరు పిల్ల. ఎక్కాక దిగడం ఎంత కష్టమో కులాష్‌కు తెలుసు. ఎక్కించిన చేతుల్లో తనవీ ఉన్నాయి, ఆ రోజుల్లో.

వంటింట్లో రిజ్వాన్‌గుల్ ముక్కాలిపీట మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన గిన్నెలో తెల్లముల్లంగి, తరగనిది.

"ఎన్నింటికి వెళ్ళావమ్మా?"

"పదకొండింటికి, అపాయ్. తాతకి మాత్ర వేసి, టీ ఇచ్చి బయల్దేరాను. లగ్మాన్ నూడుల్స్ చేయమన్నాడు. వాటిలోకి ముల్లంగి లేదు."

"తిరిగొచ్చింది?"

"పన్నెండున్నర దాటి రెండు మూడు నిమిషాలు. బస్సు దిగి టైము చూశాను, ఆలస్యమైతే తాత కసురుతాడని. తలుపు తీసే ఉంది. తాత స్నేహితుడు అర్సేనీ పావ్లొవిచ్ నడవలో అద్దం ముందు నిలబడి పోలీసులతో ఫోను మాట్లాడుతున్నాడు. లోపలికి వెళ్ళకు అన్నాడు. నేను సంచి అక్కడే పడేసి పరిగెత్తాను."

"అక్కడే అంటే?"

"ఆయన కాళ్ళ దగ్గర."

"గదిలో ఎంతసేపు ఉన్నావు?"

"తెలీదు. తాత తల ఒళ్ళో పెట్టుకున్నాను. అప్పటికింకా చల్లబడలేదు."

"పటాల మీద తెరలు ఎలా ఉన్నాయి?"

"దించే ఉన్నాయి. నేను వెళ్ళేటప్పుడూ అంతే, వచ్చేటప్పుడూ అంతే. ఎవరైనా వస్తే తప్ప ఎత్తడు. ఎత్తినా ఆవిరిస్నానాల గదిలో పెట్టుకునే ఇసుక గడియారం ఒకటి ఉంది, అది తిప్పి పెడతాడు. ఇసుక అయిపోతే వచ్చినవాళ్ళు చూస్తుండగానే దించేస్తాడు. 'వెలుతురు పెద్ద దొంగ, రిజ్వాన్. రోజుకింత చొప్పున పట్టుకుపోతుంది, పోయినట్టు కూడా తెలీదు' అనేవాడు."

ఆమె ఇంకేదో చెప్పబోయి ఆగింది. కులాష్ ఆ ఆగడాన్ని పట్టుకుంది.

"దాచకు. నాకు చెప్పనిది నిన్ను కాపాడదు."

"తాతకి మాటిచ్చాను."

"తాత పోయాడమ్మా."

"మాట పోలేదు కదా, అపాయ్."

"నీ కూతురు ఎక్కడుంది?"

"మా పక్కింటావిడ దగ్గర. ఏడేళ్ళు దానికి. సాయంత్రం దాకా అని చెప్పి వచ్చాను."

కులాష్ ఇంక అడగలేదు. సాయంత్రం దాకా అని చెప్పి వెళ్ళినవాళ్ళు ఎన్నేళ్ళకు తిరిగొచ్చారో, ఎంతమంది రాలేదో ఆమె లెక్క ఆమెకుంది. లేచి గదిలోకి నడిచింది.

ముసలాయన పేరు ఆల్బెర్ట్ క్నౌర్. ఎనభై రెండేళ్ళు. రైల్వేలో నక్షాలు గీసే ఉద్యోగం చేసి రిటైరైన జర్మను. పాత పోస్టుకార్డుల సేకరణలో ఈ ఊళ్ళో ఆయన తర్వాతే ఎవరైనా. గది వేడెక్కించే ఇనుప రేడియేటరు అంచుకు తల తగిలి చచ్చిపోయాడు. పదిన్నరకూ పన్నెండున్నరకూ మధ్య అన్నాడు డాక్టరు. వెనక్కి తోసి ఉండాలి, తూలి పడితే అంత దెబ్బ తగలదన్నాడు.

కిటికీ తూర్పుకు ఉంది. పటాలు మాత్రం ఎండ పడని లోపలి గోడకు, రేడియేటరుకు దూరంగా, వరసగా ఉన్నాయి. ఏడింటికీ తెల్లటి నూలు తెరలు, పక్కన లాగడానికి తాళ్ళు. కులాష్ మొదటి తెర ఎత్తి, పటం దించి, రెండు ఇత్తడి గడియలు తిప్పి వెనక పలక ఊడదీసింది.

జిగురు చుక్క లేదు. కార్డు నాలుగు కొసలూ నాలుగు కాగితపు మూలల్లో ఒదిగి ఉన్నాయి, చంటిబిడ్డను చంకనెత్తుకున్నట్టు, నొక్కకుండా. కార్డుకూ అద్దానికీ మధ్య మందపాటి అట్ట చట్రం అడ్డుంది. అద్దం కార్డుకు తగిలితే చెమ్మకు అంటుకుపోతుందని ఆయన భయం కాబోలు. మూలలు గుచ్చిన అట్టను వెనక్కి తిప్పి చూసింది. కింది కొసన పెన్సిలుతో రాసిన చిన్న అక్షరం, పక్కన తేదీ. మిగతా ఐదు పటాలూ ఒక్కొక్కటే దించి చూసింది. అన్నిటికీ అదే అక్షరం. అన్నీ తిరిగి తగిలించింది.

ఏడోది ఖాళీ. వెర్నీ భూకంపం కార్డు ఉండాల్సిన చోటు. ఈ ఊరికి వెర్నీ అని పేరున్న రోజుల్లో, ఒరిగిపోయిన ఇంటి ముందు మంచులో గుడారం వేసుకున్న కుటుంబాన్ని తీసిన ఫొటో. అలాంటివి ప్రపంచం మొత్తం మీద మూడే మిగిలాయంటారు. పటం అద్దం పగల్లేదు, గడియలు చక్కగా వేసి ఉన్నాయి. కార్డు గుచ్చిన అట్ట అట్టగానే లాగేశారు.

వంటింటి గుమ్మం దాకా వెళ్ళి రిజ్వాన్‌గుల్ చెవి దగ్గరకు వంగి ఒక్క ప్రశ్న అడిగింది. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. ఒళ్ళోని చేతులు చూసుకుంటూ తల ఊపింది.

"నువ్వు చెప్పలేదు. నేనే కనుక్కున్నాను. మాట పోలేదులే," అంది కులాష్.

తిరిగొచ్చి బల్ల దగ్గర నిలబడింది. రిజ్వాన్‌గుల్ సంచిలో, ముల్లంగుల కింద దొరికిందన్న భూకంపం కార్డు మీదకు వంగి వాసన చూసింది. కొవ్వు వాసన వెనక మరో వాసన. కొత్త ప్లాస్టిక్ చెప్పులూ పాత తలనూనే కలిపి డబ్బాలో మూసిపెట్టినట్టు తియ్యగా, జిడ్డుగా, గొంతులో పట్టుకునేది. వేలి కొసతో తాకితే బొమ్మ వైపు సన్నగా అంటుకుంది. ఆమె వేలును రుమాలుకు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది.

"మూలలు నలగలేదు, దేవుడి దయ," అన్నాడు సోఫాలోంచి అర్సేనీ పావ్లొవిచ్.

పోస్టుకార్డులు సేకరించేవాళ్ళ సంఘానికి అధ్యక్షుడతను. అరవై దగ్గర పడ్డ, గడ్డం నున్నగా గీసుకున్న మనిషి. మధ్యాహ్నం నుంచీ సాక్షిగా, నిపుణుడిగా ఇక్కడే ఉన్నాడు. చేతులకు తెల్ల నూలు తొడుగులు, ఒళ్ళో లావుపాటి ఆల్బం. జూన్ ఎండకు సెర్జాన్ చొక్కా వీపుకు అతుక్కుపోయింది. అర్సేనీ మాత్రం కోటు బొత్తాలన్నీ పెట్టుకునే కూర్చున్నాడు. చెమట చుక్క ముక్కు కొసకు దిగినప్పుడల్లా ఆల్బం మీద పడకుండా తల పక్కకు తిప్పుకుంటున్నాడు.

"మనిషి తల పగిలింది, అర్సేనీ పావ్లొవిచ్."

"అది మహా దారుణం, కులాష్ ఇమాన్‌గలియెవ్నా. నేను కార్డు గురించి అన్నాను. ముల్లంగి తడికి ఎంత నాశనమయ్యేదో మీరు ఊహించలేరు."

"ఊహిస్తాను. మీరు ఎన్నింటికి వచ్చారు?"

"పన్నెండూ ఇరవైకి. ఆదివారం సంఘంలో కార్డుల మార్పిడి ముగించుకుని ఇటే వచ్చాను. తలుపు ఓరగా ఉంది. గది గుమ్మంలోంచి చూశాను, పడి ఉన్నాడు. లోపల అడుగు పెట్టలేదు. ఆధారాలు చెరిగిపోతాయని నాకూ తెలుసు."

"ఫోను ఎన్నింటికి చేశారు?"

సెర్జాన్ కాగితం చూశాడు. "పన్నెండూ ముప్పై ఒకటి."

"పదకొండు నిమిషాలు గుమ్మంలో నిలబడ్డారా?"

"కాళ్ళు చచ్చుబడిపోయాయండీ. నలభై ఏళ్ళ స్నేహం."

"సెర్జాన్, ఫోనులో ఈయన ఏం చెప్పాడో చదువు."

"'క్నౌర్ చచ్చిపోయాడు, భూకంపం కార్డు ఎత్తుకుపోయారు.' అయితే ఏంటట?"

"గుమ్మంలోంచి ఏడు తెల్లగుడ్డలు కనిపిస్తాయి. ఏ గుడ్డ వెనక కార్డు లేదో ఈయనకు ఎలా తెలిసింది?"

అర్సేనీ తొడుగు వేళ్ళను ఒక్కొక్కటే సర్దుకున్నాడు.

"అప్పుడు ఆ పటం తెరిచి ఉంది. అన్నీ తెరిచే ఉన్నాయి. నేనే దించాను. చావు జరిగిన ఇంట్లో అద్దాలు కప్పకుండా ఉంచుతారా? మీ వాళ్ళూ కప్పుతారు, మా వాళ్ళూ కప్పుతారు."

"చూశారా?" అన్నాడు సెర్జాన్. "ఆచారం. దాన్ని పట్టుకుని వేలాడకండి, అపాయ్."

"ఇందాక లోపల అడుగు పెట్టలేదన్నాడు. ఇప్పుడు శవాన్ని దాటుకుని వెళ్ళి ఏడు తెరలు దించానంటున్నాడు. అది రాసుకున్నావా?"

"భయంలో ఒకటి అనుకుని ఒకటి చెప్పి ఉంటాడు. మీరు నేర్పిందే కదా, సాక్షి మాట మొదటిసారి సగమే నిజమని."

"ఇది కూడా నేర్పాను, నువ్వు ఆ రోజు రాలేదేమో. నడవలో అద్దం మీద గులాబీపూల బల్లగుడ్డ ఉంది. ఎవరిది?"

"ఎదురింటి తైసియాది. ఒంటిగంటా పావుకు వచ్చి, అద్దం బోడిగా ఉందని ఏడ్చి, తన గుడ్డ తెచ్చి కప్పింది."

"మనిషంత అద్దం. ఈయన దాని ముందు నిలబడే ఫోను చేశాడు. ఏడు చిన్న పటాలకు ఆచారం గుర్తొచ్చింది, ముఖం కనిపిస్తున్న అద్దానికి గుర్తు రాలేదు. ఎందుకంటే ఆ తెరలు చచ్చినవాడి కోసం దించలేదు, సెర్జాన్. కార్డుల కోసం దించాడు. క్నౌర్ ఈయనకు తెరలు ఎత్తి చూపించాడు. మాట మీద మాట పెరిగింది. ముసలాయన రేడియేటరు దగ్గర నెత్తురు కారుతూ పడి ఉంటే, ఈ పెద్దమనిషి కావలసింది లాక్కుని, మిగతా ఆరింటికీ వెలుతురు తగులుతుందే అని వరసగా తెరలు దించుకుంటూ పోయాడు. ఖాళీదానికి కూడా, చెయ్యి అలవాటున."

ఆ దృశ్యం తన మాటల్లోనే కులాష్‌కు కళ్ళకు కట్టింది. కోపం రాలేదు. పురుగున్న పండు కొరికినట్టు ఉమ్మేయాలనిపించింది.

సెర్జాన్ సంసా పళ్ళెంలో పెట్టాడు. "కథ బాగుంది. కానీ కార్డు దొరికింది ఆ పిల్ల సంచిలో. నా చేత్తో నేనే తీశాను. తోసింది, కొట్టేసింది, అమ్మబోయింది, కొనేవాడు దొరక్క తిరిగొచ్చింది. దీనికేం చెప్తారు? కోర్టులో జడ్జిగారికి తెరలూ బల్లగుడ్డలూ చూపిస్తారా? అపాయ్, మీకు పెద్దవయసొచ్చింది. ఇంటికెళ్ళి మనవళ్ళకి చెప్పుకోండి ఇవన్నీ."

"వాసన చూడు."

"ఏంటీ?"

"వంగు. కార్డు వాసన చూడు."

సెర్జాన్ ముఖం చిట్లించి వంగాడు. వెంటనే వెనక్కి జరిగాడు. "ఛీ."

"క్నౌర్ ఇంట్లో ఈ వాసన ఎక్కడైనా ఉందా? ఆరు పటాలూ చూశాను. కాగితం, నూలు, అద్దం, అంతే. ఇది చవక ప్లాస్టిక్ సంచుల్లో ఏళ్ళ తరబడి నానిన కార్డు. ఆ ప్లాస్టిక్‌కు చెమట పట్టినట్టు జిడ్డు ఊరుతుంది, కార్డు తాగేస్తుంది. ఈ గోడ మీద ఉన్న కార్డు కాదిది. అర్సేనీ పావ్లొవిచ్, ఆ ఆల్బం ఒకసారి ఇస్తారా?"

"ఇది సంఘం ఆస్తి."

"ఇవ్వండి," అన్నాడు సెర్జాన్, ఈసారి గొంతు మార్చి.

ఆల్బం తెరవగానే అదే వాసన గుప్పుమంది. పేజీకి నాలుగు మెత్తటి ప్లాస్టిక్ జేబులు, పసుపు పారి, ఒకదానికొకటి అతుక్కుని, విడదీస్తుంటే పుండు మీద కట్టు ఊడదీసినట్టు చప్పుడు. పదకొండో పేజీలో ఒక జేబు ఖాళీ. లోపల కార్డు కొలతన జిడ్డు గీత.

"మార్పిడికి పెట్టే కార్డులు ఇవి," అన్నాడు అర్సేనీ. "బయటికి పోయేవాటికి ఆ మాత్రం చాలు. ఆ జేబులోది పోయిన వారం మార్చేశాను. ఏదో, గుర్తు లేదు."

"నాకు గుర్తుంది," అంది కులాష్. "కార్డు పోయిందని తెలిస్తే అందరినీ వెతుకుతారు. దొరికిందంటే ఎవరినీ వెతకరు. సంచి కాళ్ళ దగ్గర పడింది. అందులో ఒక భూకంపం కార్డు పడేస్తే చాలు. కానీ గోడ మీది చక్కటి కార్డు వదులుకోవడానికి చెయ్యి రాలేదు. మీ దగ్గరున్న జిడ్డుదాన్ని పడేశారు. ముప్పై నాలుగేళ్ళ ఆడపిల్లను, దాని పసిదాన్ని వదులుకోవడానికి మాత్రం చెయ్యి వచ్చింది."

"ఇదంతా ఊహ," అన్నాడు అర్సేనీ సెర్జాన్ వైపు తిరిగి. "మేజర్ గారూ, టైము నాలుగూ నలభై."

"ఊహే," అంది కులాష్. "ఒక్క సంగతి తప్ప. సెర్జాన్, ఆ మూడో పటం దించి అట్ట వెనక చదువు."

సెర్జాన్ కళ్ళు చికిలించాడు. "ఏదో అక్షరం. 'న'. పక్కన తేదీ."

"నకలు. ఆరూ నకళ్ళే. ఏడోదీ నకలే అయి ఉంటుంది. అసలు కార్డుకు ఒక్క పూట వెలుతురు కూడా దండగని ఆయన లెక్క. తనూ, వచ్చినవాళ్ళూ చూసుకోవడానికి మంచి అచ్చు వేయించి, అదే మందం అట్ట మీద, గోడకు పెట్టుకున్నాడు. ఆ సంగతి ఆ పిల్లకు తెలుసు. తెలిసినవాళ్ళు నకలు దొంగిలిస్తారా?"

అర్సేనీ కుడిచెయ్యి కోటు ఎడమవైపుకు వెళ్ళి అక్కడే ఆగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం కులాష్ చాలాసార్లు చూసింది. కానీ ఇది భయం కాదు. అంతకంటే అసహ్యమైనది. అనుమానం, తన సరుకు మీద.

"అబద్ధం. నేను ఎన్నిసార్లు చూశాను దాన్ని."

"అద్దంలోంచి. ఇసుక రాలినంతసేపు."

"క్నౌర్ నన్ను మోసం చేస్తాడా? నన్ను?"

అతను లేచాడు. అతన్ని ఎవరూ ఆపలేదు. బొత్తాలు విప్పి, లోపలి జేబులోంచి అట్టను రెండు వేళ్ళతో తీశాడు. అట్ట మీద కాగితపు మూలల్లో ఒదిగిన భూకంపం, గుడారం, మంచు. క్నౌర్ భూతద్దం బల్ల మీదే ఉంది. అది తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. గదిలో ఇద్దరు మనుషులున్నారని మరిచిపోయాడు. వంగి చూశాడు. మంచు నిండా సన్నటి రంగు చుక్కలు కనిపించి ఉండాలి, అచ్చుయంత్రం వేసేవి. అట్ట వెనక్కి తిప్పాడు. 'న'.

సెర్జాన్ చేతులు ప్యాంటుకు తుడుచుకుని బేడీలు తీశాడు. కులాష్ వైపు చూడలేదు.

"అర్సేనీ పావ్లొవిచ్, చేతులు."

"దాని మీద ఆ కొవ్వు తుడవండి," అన్నాడు అర్సేనీ. అతని కళ్ళు బల్ల మీది జిడ్డు కార్డును వదలడం లేదు. "నాదే అసలుది. ఎవరైనా ఆ కొవ్వు తుడవండి. లోపలికి పోతోంది."

ఎవరూ కదలలేదు.

బేడీలు పడ్డాక అతనికి మరో ఆలోచన వచ్చింది. "మరి ఆయన అసలుది? ఎక్కడ పెట్టాడు? తడి తగలని చోటేనా? పడుకోబెట్టి ఉంచాడా, నిలబెట్టా?"

గుమ్మంలో రిజ్వాన్‌గుల్ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. కులాష్ వైపు చూసింది. కులాష్ తల ఊపింది. ఆ పిల్ల మంచం కిందకు వంగి తోలు పెట్టె ఒకటి ఈడ్చింది. పిడికి ఇరవై రెండేళ్ళ నాటి రైలు చీటీ ఇంకా కట్టి ఉంది.

"తాత భార్యా, కూతురూ, మనవరాలూ జర్మనీకి వెళ్ళిపోయిన రోజు సర్దుకున్నాడట. నెలలో వచ్చేస్తానన్నాడట. పెట్టె స్టేషను దాకా తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చుకున్నాడు. వెళ్ళలేదు. ఎందుకని అడిగితే చెప్పేవాడు కాదు."

పెట్టెలో బట్టలు లేవు. మెత్తటి తెల్లకాగితాల మధ్య కార్డులు, ఒకదాని బరువు ఒకదాని మీద పడకుండా. అన్నిటికంటే పైన భూకంపం. నూటపదేళ్ళ కింద ఎలా అచ్చయిందో అలాగే, మంచు తెల్లగా.

అర్సేనీ గొంతులోంచి ఆకలిగొన్నవాడి చప్పుడు వచ్చింది. "వెనక వైపు. వెనక వైపు చూపించండి. తపాలా ముద్ర ఉందా?"

రిజ్వాన్‌గుల్ అంచులు పట్టుకుని తిప్పింది.

వెనక మొత్తం నీలం సిరా. అప్పుడే అక్షరాలు నేర్చుకున్న పిల్ల చేతిరాత, ఒక వరస పైకి, ఒక వరస కిందికి. 'తాతయ్యా, నువ్వు కూడా రా. నీ చోటు ఉంచాను.'

గోడ మీద నకలు ఎందుకు పెట్టుకున్నాడో కులాష్‌కు ఇప్పుడు అర్థమైంది. వెలుతురు భయం ఒక్కటే కాదు. సిరా కూడా వెలిసిపోతుంది.

అర్సేనీ చాలాసేపు చూశాడు. తర్వాత ముఖం పక్కకు తిప్పుకున్నాడు, చెడిపోయిన కూర వాసన తగిలినవాడిలా.

"పిచ్చిరాతలు రాసి పాడు చేసేసింది," అన్నాడు. "ఇంక దీన్ని ఎవరూ ముట్టుకోరు."

"తీసుకుపో వీణ్ణి," అంది కులాష్.

సెర్జాన్ అతన్ని నడవలోకి నడిపించాడు. కింద బండి హారను వినిపించింది. సరిగ్గా ఐదు. గులాబీపూల బల్లగుడ్డ కప్పిన అద్దం దాటి సెర్జాన్ మెట్లు దిగిపోయాడు.

రిజ్వాన్‌గుల్ కార్డును తెల్లకాగితంలో పెట్టి పెట్టె మూసింది. కులాష్ వంటింటి కుళాయి కింద చేతులు రుద్దుకుంటోంది. ఆ వాసన పోవడం లేదు.

"ఇంటికి వెళ్ళమ్మా," అంది వెనక్కి తిరగకుండా. "సాయంత్రం దాకా అన్నావుగా. ఇంకా సాయంత్రమే."